ఇంటివద్ద సిరాపోషణ – కేథటర్ చిక్కులు: ఒక వివరణ

వ్యాససంగ్రహం:
చిన్నపేగు పని చేయని రోగులు నెలలు, ఏళ్ల తరబడి ఇంట్లోనే సిర ద్వారా ఆహారం తీసుకుంటూ జీవించగలుగుతున్నారు. ఆ ఆహారాన్ని గుండె సమీపానికి చేర్చే సన్నని గొట్టమే వారికి ప్రాణాధారం. వారిని మళ్లీ మళ్లీ ఆసుపత్రికి రప్పించే కారణాల్లోనూ అదే ముఖ్యమైనది. ఈ గొట్టానికి సోకే ఇన్‌ఫెక్షన్, అది మూసుకుపోవడం, సిరలో రక్తం గడ్డకట్టడం, గొట్టం చిట్లడం అనే చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది. వీటి గురించి రోగి కుటుంబానికి తెలుగులో చెప్పేటప్పుడు వ్యవహారపదాలు ఎక్కడ తోడ్పడతాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సిరాపోషణ, కేథటర్, చిన్నపేగు వైఫల్యం, ఇన్‌ఫెక్షన్, వైద్యపరిభాష, ఎంగిలి.

1. ఉపోద్ఘాతం:
'సెలైన్ ఎక్కించడం' అన్న మాట తెలుగు వారికి కొత్త కాదు. నీరసంగా ఉందని, ఎండదెబ్బ తగిలిందని, నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదని ఊళ్లో వైద్యుడి దగ్గరికి వెళ్లి 'ఒక సెలైన్ పెట్టండి' అని అడిగేవారు నేటికీ ఉన్నారు. చేతి సిరకు సూది గుచ్చి, మేకుకు సీసా తగిలించి ఇచ్చే ఏ ద్రవమైనా వ్యవహారంలో సెలైనే. అందులో ఉన్నది ఉప్పునీరా, గ్లూకోజా, మందా అన్న తేడాను ఆ మాట పట్టించుకోదు.

చిన్నపేగులో అధికభాగం కోల్పోయిన రోగిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, అతని ఛాతీలో అమర్చిన గొట్టాన్ని కుటుంబసభ్యులు 'సెలైన్ పైపు' అనడం సహజం. చిక్కు అక్కడే మొదలవుతుంది. చేతికి పెట్టిన సూది పాడైతే తీసి మరొకచోట గుచ్చవచ్చు. ఈ గొట్టం పాడైతే మరొకటి పెట్టడానికి శస్త్రచికిత్స కావాలి, మరొక పెద్ద సిర కావాలి. మనిషి శరీరంలో అటువంటి సిరలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి.

మరొక మాటను కూడా ఇక్కడే గమనించాలి. 'నరానికి ఇంజెక్షన్' అన్నప్పుడు నరం అంటే సిర. 'నరాల బలహీనత' అన్నప్పుడు అదే మాటకు నాడి అని అర్థం. ఈ వ్యాసంలో రక్తాన్ని గుండెకు చేర్చే నాళాన్ని 'సిర' అని, దాని ద్వారా ఆహారం అందించడాన్ని 'సిరాపోషణ' అని వ్యవహరించడం జరిగింది. 'కేథటర్'కు మాత్రం అనువాదం అవసరం లేదు. ఆసుపత్రి వరండాలో నిలబడ్డ ప్రతి బంధువూ పలికే మాట అది.

2. పేగుకు బదులు సిర:
పెద్దవారిలో చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. మనిషికీ మనిషికీ ఇది చాలా మారుతుంది. శస్త్రచికిత్స తరువాత 2 మీటర్ల కంటే తక్కువ మిగిలితే ఆహారం, నీరు, లవణాలు తగినంతగా ఒంటబట్టవు. పేగుకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ ఏర్పడి పేగు కుళ్లిపోవడం, పేగు మెలిపడడం, క్రోన్స్ వ్యాధి వంటివి ఇందుకు దారితీస్తాయి. భారతీయ రోగుల్లో రక్తనాళంలో గడ్డ ఏర్పడడం ప్రధాన కారణంగా కనిపిస్తుంది. నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక్క రాత్రి కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్లి, పేగు లేకుండా బయటికి రావడం ఇందులోని విషాదం.

1960 దశకం వరకు ఇటువంటి రోగులు ఆకలితో కృశించి మరణించేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డడ్రిక్, ఆయన సహచరులు కుక్కపిల్లలను కేవలం సిర ద్వారా ఇచ్చిన పోషకాలతో పెంచి చూపారు. 1968లో ప్రచురితమైన ఆ పరిశోధన ఒక ఆలోచనను స్థిరపరచింది: నోటితో ఒక్క ముద్ద తినకపోయినా ప్రాణి ఎదగగలదు. అంతకు కొద్ది సంవత్సరాల ముందే స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ సోయానూనెతో సిరకు సురక్షితమైన కొవ్వు ద్రావణాన్ని రూపొందించారు. చక్కెర, అమైనో ఆమ్లాలు, కొవ్వు, లవణాలు, విటమిన్లు కలిస్తే భోజనం పూర్తయింది. దాన్ని లోపలికి పంపే ద్వారం మాత్రం ఇంకా సమస్యగానే ఉంది.

ఆ ద్వారం కథ సియాటిల్ నగరానికి చెందుతుంది. డయాలసిస్ రోగుల కోసం షంట్‌ను రూపొందించి ప్రసిద్ధి పొందిన బెల్డింగ్ స్క్రిబ్నర్, పేగులేని రోగులకు 'కృత్రిమ పేగు' కావాలని 1970లో ప్రతిపాదించారు. తొలుత షంట్ తరహా ఏర్పాటునే ప్రయత్నించినా అది ఎక్కువకాలం నిలవలేదు. 1973లో బ్రోవియాక్ తదితరులు మెత్తని సిలికాన్ రబ్బరు కేథటర్‌ను వివరించారు. 1979లో హిక్‌మన్ దాన్ని మరింత వెడల్పు చేసి ఎముకమజ్జ మార్పిడి రోగులకు వాడారు. నేటికీ ఆసుపత్రుల్లో ఈ గొట్టాలను ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. ఇదే కాలంలో టొరంటోలో, భారతదేశంలో వైద్యవిద్య చదివిన ఖుర్షీద్ జీజీభాయ్, పేగు మొత్తం కోల్పోయిన ఒక మహిళను ఇంటికి పంపి, సిరాపోషణతోనే సంసారం సాగించుకునేలా చేశారు. ఆమె ఆ తరువాత దాదాపు 20 సంవత్సరాలు జీవించారు. ఆసుపత్రి చికిత్స ఇంటి పనిగా మారగలదని ఆ ఒక్క జీవితం నిరూపించింది.

3. గొట్టం ఎక్కడ ఉంటుంది, ఎందుకు:
సిరాపోషణ ద్రావణం రక్తం కంటే ఎన్నో రెట్లు గాఢమైనది. చేతి సిరలో ఎక్కిస్తే ఆ సిర గోడ మండిపోయి, వాచి, మూసుకుపోతుంది. అందుకే గొట్టం కొనను గుండెకు పైభాగాన ఉన్న ఊర్ధ్వమహాసిరలో, అది గుండె కుడిగదిని కలిసే చోట ఉంచుతారు. అక్కడ నిమిషానికి లీటర్ల కొద్దీ రక్తం పారుతుంది కాబట్టి ద్రావణం క్షణాల్లో పలచబడుతుంది.

సాధారణంగా మెడ కుడివైపున ఉన్న సిరలో గొట్టాన్ని ప్రవేశపెట్టి, రెండవ కొసను ఛాతీ చర్మం కింద సొరంగంలాగా కొంతదూరం నడిపి బయటికి తెస్తారు. చర్మం కింద గొట్టం చుట్టూ చిన్న గుడ్డపట్టీ ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో కండ దానిలోకి అల్లుకుని గొట్టాన్ని పట్టి ఉంచుతుంది. చర్మం మీది క్రిములు గొట్టం వెంబడి పాకకుండా అది అడ్డుకట్ట కూడా. ఒకే మార్గం ఉన్న గొట్టం మేలు. మార్గాలు పెరిగినకొద్దీ తెరిచే మూతలు పెరుగుతాయి.

రోగి సాయంత్రం ద్రావణపు సంచిని తగిలించుకుని, 10 నుంచి 14 గంటలపాటు పంపు ద్వారా ఎక్కించుకుని, ఉదయం విప్పేస్తాడు. పగలు గొట్టం చొక్కా కింద ఉంటుంది. రోజూ ఎక్కించుకునేవారు రోజుకు రెండుసార్లు, అంటే సంవత్సరానికి 730 సార్లు, గొట్టం మూతిని తెరుస్తారు. కేథటర్ చిక్కుల్లో పెద్దభాగం ఈ అంకెలోనే ఇమిడి ఉంది.

4. చలితో వచ్చే జ్వరం:
అన్నింటిలోకీ ప్రమాదకరమైనది గొట్టం ద్వారా రక్తానికి సోకే ఇన్‌ఫెక్షన్. దీని తరచుదనాన్ని 'వెయ్యి కేథటర్ దినాలకు ఎన్ని' అన్న లెక్కతో చెబుతారు. ఒక రోగి ఒంట్లో గొట్టం ఒకరోజు ఉంటే అది ఒక కేథటర్ దినం. వెయ్యి దినాలకు ఒకటి అంటే, ఒక రోగికి సగటున రెండు సంవత్సరాల తొమ్మిది నెలలకు ఒకసారి. మంచి శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో రేటు ఇంతకంటే తక్కువగానే ఉంటుంది. పసిపిల్లల్లో మాత్రం ఎక్కువ.

గొట్టం పెట్టిన తొలి వారాల్లో క్రిములు చర్మం మీది రంధ్రం నుంచి గొట్టం బయటి గోడ వెంట లోపలికి వెళతాయి. ఏళ్ల తరబడి ఉండే గొట్టంలో మాత్రం దారి మారుతుంది. అవి మూతి నుంచి, గొట్టం లోపలి గోడ వెంట ప్రయాణిస్తాయి. చర్మంపై ఎప్పుడూ ఉండే స్టెఫలోకాకస్ జాతివి ఎక్కువగా కనిపిస్తాయి. పేగులో ఉండే క్లెబ్సియెల్లా వంటివి, కాండిడా అనే శిలీంధ్రం కూడా కారణమవుతాయి. గొట్టం గోడకు అతుక్కున్న క్రిములు తమ చుట్టూ జిగురుపొర అల్లుకుంటాయి. వర్షాకాలంలో నీళ్లతొట్టి గోడకు పట్టే పాకుడులాంటిదే ఇది. నీళ్లు పారబోసినా పాకుడు పోనట్లు, రక్తంలో తిరిగే మందు ఆ పొరలోకి సులభంగా చొరబడదు.

లక్షణం ఒకటే: జ్వరం, వణికించే చలి. ద్రావణం ఎక్కించడం మొదలైన కొద్దిసేపటికే అది వస్తే అనుమానం మరింత బలపడుతుంది, ఎందుకంటే పారే ద్రవం గోడ మీది క్రిములను ఒక్కసారిగా రక్తంలోకి తోస్తుంది. ఇక్కడ భాష మళ్లీ అడ్డుపడుతుంది. తెలుగులో 'చలిజ్వరం' అంటే మలేరియా. పల్లెలో చలిజ్వరం వచ్చిన మనిషికి మలేరియా పరీక్ష, టైఫాయిడ్ కోసం వైడాల్ పరీక్ష, పారాసెటమాల్ బిళ్ల, రెండు రోజుల ఎదురుచూపు మామూలు. తక్కిన వారి విషయంలో ఆ క్రమం ఎలా ఉన్నా, ఛాతీలో కేథటర్ ఉన్న మనిషికి ఆ రెండు రోజులు ప్రాణాంతకం కావచ్చు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం కాని, వణుకు కాని వస్తే, మరొక కారణం రుజువయ్యేదాకా అది గొట్టం జ్వరమే. ఎక్కిస్తున్న ద్రావణాన్ని ఆపి, గొట్టాన్ని బిగించి, అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసుపత్రిలో యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రెండుచోట్ల నుంచి, అంటే గొట్టం నుంచీ చేతి సిర నుంచీ, రక్తం తీసి కల్చర్‌కు పంపాలి. గొట్టం నుంచి తీసిన రక్తంలో క్రిములు కనీసం 2 గంటలు ముందుగా బయటపడితే మూలం గొట్టమేనని తేలుతుంది. ఆలస్యం ఒక తప్పయితే, దానికి ఎదురుగా మరొక తప్పు ఉంది. ఇటువంటి గొట్టాలతో అలవాటు లేని చోట జ్వరం కనబడగానే గొట్టాన్ని పీకేస్తారు. చర్మపు స్టెఫలోకాకస్‌లలో తక్కువ తీవ్రత గల రకాలు సోకి, రోగి రక్తపోటు నిలకడగా ఉంటే, సిరకు యాంటీబయాటిక్ ఇస్తూ, గొట్టం లోపల కూడా గాఢమైన మందును నింపి ఉంచి, చాలాసార్లు గొట్టాన్ని కాపాడుకోవచ్చు. స్టెఫలోకాకస్ ఆరియస్ కాని, శిలీంధ్రం కాని కారణమైనప్పుడు, చర్మం కింది సొరంగం చీము పట్టినప్పుడు, రోగి షాక్‌లోకి జారుతున్నప్పుడు మాత్రం తీసివేయక తప్పదు. ఆ నిర్ణయం తొందరలో కాక, తెలిసిన వైద్యుని సలహాతో జరగాలి. ఎందుకంటే తీసేసిన ప్రతి గొట్టంతో ఒక సిర ఖర్చవుతుంది.

5. శుభ్రం, ఎంగిలి:
నివారణ అంతా చేతుల్లో ఉంది. ఇది అలంకారం కాదు, అక్షరాలా నిజం. సబ్బుతో కడిగిన చేతులు, ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో కనీసం 15 సెకన్లపాటు రుద్ది ఆరనిచ్చిన మూతి, ముట్టుకోకూడని భాగాన్ని ముట్టుకోకపోవడం – ఇంతే. కాని 'శుభ్రంగా ఉంచుకోండి' అన్న ఒక్క వాక్యంతో ఇది అర్థం కాదు. తెలుగులో కడిగిన గిన్నె శుభ్రం, ఊడ్చిన ఇల్లు శుభ్రం, ఉతికిన చీర శుభ్రం. శుభ్రమంటే మురికి కనబడకపోవడం. క్రిమిరహితం వేరు. వైద్యగ్రంథాల్లోని 'నిర్జీవీకరణ' అన్న అనువాదం సరైనదే అయినా, వంటింట్లో నిలబడి వినేవారికి అది ఏమీ చెప్పదు.

చెప్పగల మాట ఒకటి తెలుగువారి దగ్గర తరతరాలుగా ఉంది: ఎంగిలి. నోట పెట్టుకున్న గరిటెను మళ్లీ కూరగిన్నెలో ముంచితే ఆ కూర అంతా ఎంగిలి అవుతుందని అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. గిన్నె చూడటానికి మునుపటిలాగే ఉంటుంది. అయినా అది ఎంగిలే. ఎంగిలి కంటికి కనబడదు, తాకిడితో పాకుతుంది, తుడిస్తే పోదు. కేథటర్ సంరక్షణలో బోధించవలసిన మూడు విషయాలూ ఇవే. గొట్టం మూతికి వేలు తగిలితే, సిరంజి కొన దుప్పటికి తగిలితే అది 'ఎంగిలైంది'. తుడిచి వాడకూడదు; సిరంజి అయితే పారేయాలి, మూతి అయితే మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. 'మడి' కూడా ఇటువంటి మాటే కదా అనిపించవచ్చు. కాని మడి ఎవరు తాకారన్నది చూస్తుంది. క్రిమికి తాకిన మనిషి ఎవరన్న పట్టింపు లేదు. పైగా ఆ మాట మోసే సామాజిక బరువును రోగి పడకగదిలోకి తేవడం ఉచితం కాదు.

గొట్టం బయటికి వచ్చే చోట పారదర్శకమైన కట్టు అయితే వారానికి ఒకసారి, గాజుగుడ్డ కట్టు అయితే రెండు రోజులకు ఒకసారి మార్చాలి. తడిసినా, అంచు లేచినా వెంటనే మార్చాలి. కోస్తా జిల్లాల ఎండాకాలపు చెమటలో కట్టు వారం నిలవకపోవచ్చు. గడువు కోసం ఎదురుచూడనక్కరలేదు. పుండు కనిపిస్తే పసుపు అద్దడం తెలుగు ఇళ్ల అలవాటు. ఈ రంధ్రానికి పసుపు, విభూతి, కొబ్బరినూనె ఏవీ పనికిరావు. చెరువులో ఈత, నదిలో మునక, పుష్కరస్నానమైనా సరే, మానుకోవలసిందే. నీళ్లు తలపై చల్లుకుంటే చాలునని సర్దిచెప్పగల పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

ఉదయం విప్పిన తరువాత గొట్టంలో నింపే ద్రవం విషయంలో అభిప్రాయం మారింది. ఒకప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ నింపేవారు. అది క్రిముల పొరకు తోడ్పడవచ్చునని తెలిశాక, ఉప్పునీటితో కడగడం చాలని ఐరోపా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఇన్‌ఫెక్షన్ నివారణకు టారోలిడిన్ అనే క్రిమినాశక ద్రావణాన్ని నింపి ఉంచడం మేలు చేస్తుందని పరిశోధనలు చూపాయి.

6. మూసుకుపోవడం:
గొట్టం ఒక్కసారిగా మూసుకుపోవచ్చు, మెల్లగా బిగుసుకోనూవచ్చు. పంపు తరచు హెచ్చరించడం, సిరంజి తోయడానికి బలం పట్టడం తొలి గుర్తులు. ద్రవం లోపలికి పోతూ రక్తం మాత్రం వెనక్కి రాకపోతే, గొట్టం కొన చుట్టూ ఫైబ్రిన్ తొడుగు ఏర్పడి కవాటంలా పనిచేస్తోందని అర్థం.

రక్తపు గడ్డ అయితే దాన్ని కరిగించే ఆల్టిప్లేస్ వంటి మందు, కొవ్వు పేరుకుంటే ఆల్కహాల్, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు అయితే పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. ఇవన్నీ ఆసుపత్రి పనులు. ఇంట్లో చేయవలసింది బలం ప్రయోగించకపోవడం. చిన్న సిరంజితో గట్టిగా తోస్తే పీడనం పెరిగి గొట్టం చిట్లుతుంది. అందుకే 10 మి.లీ. సిరంజినే వాడమంటారు. ప్రతిసారీ ద్రావణం ముగియగానే, ఆగి ఆగి తోసే పద్ధతిలో ఉప్పునీటితో కడిగితే ఈ చిక్కు చాలావరకు రాదు. ఈ గొట్టం నుంచి మామూలు పరీక్షలకు రక్తం తీయడం, దానిలో వేరే ఇంజెక్షన్లు ఇవ్వడం మానాలి. 'సెలైన్ పైపు ఎలాగూ ఉంది కదా' అన్న సౌకర్యభావం ఇక్కడ ఖరీదైనది.

7. సిరలో గడ్డ:
గొట్టం ఉన్న సిర గోడకు రాపిడి తగిలి రక్తం గడ్డకట్టవచ్చు. కొన సరైన చోటికి చేరక పైనే ఆగిపోయినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. ఒకవైపు చేయి వాయడం, మెడ నొప్పి, ముఖం ఉబ్బడం, ఛాతీ మీద నీలిసిరలు కొత్తగా తేలడం దీని గుర్తులు. ముఖం ఉబ్బితే 'నీరు పట్టింది' అనుకుని ఉప్పు మానేయడంతో సరిపెట్టేవారు ఉంటారు. కేథటర్ ఉన్న మనిషికి ఆ వాపు ఎక్కడ మొదలైందన్నది చూడాలి. గొట్టం పనిచేస్తూ, దాని అవసరం ఉన్నంతవరకు తీసేయకుండానే రక్తాన్ని పలుచబరిచే మందులతో చికిత్స చేయవచ్చు.

ఒక్కొక్క సిరే మూసుకుపోతూ వస్తే చివరికి గొట్టం పెట్టడానికి చోటే మిగలదు. పేగు మార్పిడిని ఆలోచించవలసిన పరిస్థితుల్లో ఇదొకటి. ఇన్‌ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ గొట్టం మార్చడం ఎందుకు చివరి మార్గం కావాలో ఇక్కడ స్పష్టమవుతుంది.

8. చిట్లడం, గాలి ప్రవేశించడం:
ఈ రెండూ అరుదు, కాని నిమిషాల వ్యవధిలో స్పందించవలసినవి. బయటి భాగం తెగినా, కారినా, తెగిన చోటుకూ శరీరానికీ మధ్యన గొట్టాన్ని బిగించాలి. బిగించే క్లిప్పు అందకపోతే మడిచి వేళ్లతో నొక్కిపట్టాలి. చాలా రకాల గొట్టాలను సరిచేసే పరికరాలు ఉన్నాయి కనుక తెగిన గొట్టమంతా వ్యర్థమని అనుకోకూడదు. తెరిచి ఉన్న మూతి నుంచి గాలి లోపలికి పోతే హఠాత్తుగా ఆయాసం, దగ్గు, ఛాతీనొప్పి వస్తాయి. గొట్టం బిగించి, రోగిని ఎడమవైపుకు తిప్పి, తల దిగువగా ఉండేలా పడుకోబెట్టి అంబులెన్స్‌ను పిలవాలి. జంటనగరాలైనా, మన్యం పల్లె అయినా 108కి చెప్పవలసిన మొదటి మాట 'గుండె దగ్గరి సిరలో గొట్టం ఉంది' అన్నదే.

9. రోగి జేబులో ఉండవలసిన కాగితం:
ఇంటివద్ద సిరాపోషణ మన దేశంలో ఇంకా అరుదు. ద్రావణం ఖర్చు, శిక్షణ పొందిన నర్సుల కొరత, సరఫరా ఇబ్బందులు అందుకు కారణాలు. కాబట్టి జిల్లాకేంద్రంలోని అత్యవసర విభాగంలో అర్ధరాత్రి విధుల్లో ఉన్న వైద్యుడు ఇటువంటి గొట్టాన్ని మునుపెన్నడూ చూసి ఉండకపోవచ్చు. ఆ ఇద్దరి మధ్య, చలితో వణుకుతున్న రోగికీ గొట్టం తెలియని వైద్యుడికీ మధ్య, ఒక కాగితం పనిచేయగలదు.

వైద్యుని కోసం దాని ఒకవైపు ఇంగ్లీషులో ఉండాలి. రెండవవైపు తెలుగులో, రోగి వెంట వచ్చిన మనిషి గట్టిగా చదివి వినిపించగలిగేలా ఉండాలి. గొట్టం రకం, పెట్టిన తేదీ, కొన ఉన్న చోటు, చికిత్స చేస్తున్న ఆసుపత్రి ఫోన్ నంబరు ముందు రావాలి. తెలుగు వైపు వాక్యాలు పొట్టివిగా, కర్త తెలిసేలా ఉండాలి. 'రక్తనమూనా సేకరింపబడవలెను' అన్న కర్మణి వాక్యం వల్ల ఎవరు ఎప్పుడు ఏం చేయాలో తెలియదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: 'ఇది సెలైన్ పైపు కాదు. గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంది. దీని ద్వారానే ఈ మనిషి తింటున్నాడు. చలి, జ్వరం ఉంటే ముందు ఈ గొట్టం నుంచీ చేతి నుంచీ రక్తం తీయండి. తరువాత యాంటీబయాటిక్ ఇవ్వండి. దీన్ని తీసేసేముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఫోన్ కలవకపోయినా, రోగి పరిస్థితి విషమిస్తుంటే ఆగవద్దు.'